ముక్కలు లేని కూర



పాఠశాల పత్రికయందు చదువును గూర్చియో, ఆటలను గూర్చియో వ్రాయక వంటను గూర్చి వ్రాయుట కొందఱికి వింతగా తోచవచ్చును. అయినను పొయ్యి ప్రక్కన జరుగు న్యాయాన్యాయములు తరగతిలో జరుగువానికంటె చిన్నవి కావని మా అభిప్రాయము.

ఖమ్మము మొదలు భద్రాచలము వఱకు గల ఈ అడవి అంచు పల్లెలలో మాంసము వండిన దినమున జరుగునదేమో మనమందఱము ఎఱుగుదుము. మెత్తని ముక్కలు మొదట ఇంటి పెద్దకును, చుట్టములకును, పిమ్మట మగపిల్లలకును వడ్డింపబడును. ఎముకలు ఆడపిల్లల పాలగును. కట్టకడపట తల్లి కుండ అడుగున మిగిలిన పులుసుతో అన్నము కలుపుకొని, పొయ్యి దగ్గఱనే తిని లేచును. “నాకు ముక్కలు పడవు” అని ఆమె చెప్పిన మాటను మేమును చిన్ననాట నమ్మితిమి. మంచి ముక్క మా పళ్లెములో పడుచుండగా నమ్ముట సులభమే గదా!

ఈ అలవాటు మర్యాదకు సంబంధించినది మాత్రమే కాదు. 2019–21 సంవత్సరముల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనతతో నున్నారు. దీనికి కారణములు పెక్కులు గలవు. చాలినంత ఇనుము ఆహారమున లేకుండుట వానిలో ముఖ్యమైనది. మాంసములోని ఇనుము ఆకుకూరలలోను ధాన్యములలోను ఉండుదానికంటె సులభముగా ఒంట బట్టును. ఎవరికి అది మిక్కిలి అవసరమో వారికే పులుసు మిగులుచున్నది.

దీనికి మేము సూచించు ఉపాయము చాల చిన్నది. వారమునకొక దినము ముక్కలు లేని కూర వండుడు. అనగా, మన ప్రాంతమున పెద్దకూర యని పిలుచుకొను గొడ్డుమాంసమును ఖీమాగా కొట్టించి, పొడిపొడిగా వండి, రొట్టెలో పెట్టుకొని అందఱును ఒక్కసారి కూర్చుండి తినుడు. ఖీమాలో పెద్ద ముక్క లేదు, చిన్న ముక్క లేదు. తండ్రి పాలు, కూతురి పాలు అను భేదమునకు అందులో తావు తక్కువ.

ఇట్టి భోజనము మనకు మాత్రమే చెందినది కాదు. అమెరికాలోని అయోవా రాష్ట్రమున, మస్కటీన్ అను పట్టణమందు, ఫ్రెడ్ ఏంజెల్ అను కసాయి 1926లో ఇట్టి ఖీమాను ఉండకట్టక, విడివిడిగానే బన్నులో పెట్టి అమ్మ నారంభించెను. నేటికిని ఆ ప్రాంతపు ప్రజలు దానిని ఇష్టముగా తినుచున్నారు. మనకు బన్ను దొరకినచో బన్ను, లేనిచో వేడి జొన్నరొట్టె. జొన్నరొట్టెయే మాకు రుచి.

ఆఱుగురికి ముప్పావు కిలో ఖీమా చాలును. మాంసమును ముక్కగా చూచి, ఎదుటనే కొట్టించి, ఆ పూటనే వండవలెను. ముక్క పైభాగమున మాత్రమే యుండు సూక్ష్మక్రిములు ఖీమా చేయుటతో లోపలంతటను కలిసిపోవును గనుక, ఎఱుపు ఏ మాత్రము మిగులరాదు. లోపలి వేడి 71 డిగ్రీల సెంటీగ్రేడు చేరవలెనని అమెరికా ప్రభుత్వ వ్యవసాయ శాఖ చెప్పుచున్నది. మూడు ఉల్లిగడ్డలు వేచి, అల్లము వెల్లుల్లి ముద్ద, పసుపు, కారము, ఉప్పు, ధనియాల పొడి వేసి, ఖీమాను గరిటె వెనుక భాగముతో ఉండలు లేకుండ చిదుపవలెను. పిమ్మట నాలుగు టమాటాలు వేసి, మూతపెట్టి, నీరంతయు ఇంకి నూనె తేలువఱకు ఉడికింపవలెను. దించిన తరువాత నిమ్మరసము పిండినచో జొన్నలలోని ఇనుము కూడ బాగుగా ఒంట బట్టును. తిన్న వెంటనే టీ త్రాగుట మాత్రము ఆ మేలును తగ్గించును.

కొందఱు గొడ్డుమాంసము ముట్టరు. వారి నియమమును మేము గౌరవింతుము. వారు మేకమాంసముతోనో, మాంసమే తిననివారు ఉడికించి చిదిపిన సెనగలతోనో ఇట్లే చేసికొనవచ్చును. అట్లే తినువారిని చూచి నవ్వుటయు తగదు. గోవధను 1977 నాటి చట్టము నిషేధించుచున్నది గాన, మేము చెప్పునది చట్టము అనుమతించిన బఱ్ఱె, దున్నల మాంసమును గూర్చియే. అడవిజంతువుల మాంసము జోలికి ఎవరును పోరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది.

“ఖీమాయైనను గరిటె పట్టినవారు పక్షపాతము చూపవచ్చును గదా” అని ఒకరు మమ్ము అడిగిరి. నిజమే. గరిటె తల్లి చేతిలో నున్నంతకాలము ఆమె తనకు తక్కువయే వడ్డించుకొనును. కావున ఆ దినమున గరిటె పిల్లల చేతికి ఇయ్యుడు. కొత్తగూడెము, ఇల్లెందు బొగ్గుగనులలో పనిచేయు తండ్రులు షిఫ్టులను బట్టి వేళకాని వేళ ఇల్లు చేరుదురు. ప్రతిదినము అందఱు కలిసి తినుట వారికి సాధ్యము కాదు. వారమునకొక్క పూట సాధ్యమే.

బాలురారా! ఉల్లిగడ్డలు కోయుట, ఖీమా వేచుట, పళ్లెములు కడుగుట మీకు రాని విద్యలు కావు. వచ్చు ఆదివారము మీరు వండి, మొదటి రొట్టెను మీ తల్లి చేతిలో పెట్టుడు. “నాకు వద్దు” అని ఆమె అన్నను నమ్మకుడు.