శిశువుల అతిసారము: లెక్కకు రాని నష్టము

శామీర్‌పేట చెంతనున్న జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ సంస్థ రోటావైరసు టీకాచుక్కలను తయారుచేయుచున్నది. ఇది మన ప్రాంతమునకు గర్వకారణమే. కాని అక్కడికి కొన్ని క్రోసుల దూరముననున్న బౌరంపేటలో గడచిన చలికాలమున ఎందరు పసిబిడ్డలు నీళ్ళవిరేచనములపాలైరో ఊరిపౌరుడు ఏ కాగితము చూచి తెలిసికొనగలడు?

లెక్క యెంతటి కార్యము చేయునో ఈ టీకా చరిత్రమే చెప్పుచున్నది. 1985–86లో ఢిల్లీయందలి అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థలో డాక్టరు భాన్ బృందమువారు, నవజాత శిశువులకు సోకియు విరేచనములు కలిగింపని వైరసు రకమును గుర్తించిరి. ఈ టీకాకు మూలమదియే. 2005 మొదలు భారత వైద్య పరిశోధనా మండలివారు పలు ఆసుపత్రులలో నిఘా నడపి, అతిసారముతో చేరిన అయిదేండ్లలోపు బిడ్డలలో ఇంచుమించు పదింట నలుగురియందు రోటావైరసున్నదని తేల్చిరి. 2013లో దేశమున సుమారు 47,000 మంది శిశువులు దీనికి బలియైరని నిపుణుల అంచనా. 2016లో ఆంధ్రప్రదేశముతో కూడ నాలుగు రాష్ట్రములలో ఉచితముగా చుక్కలు వేయ నారంభించిరి. టీకా తయారగు తెలంగాణమునకు ఆ భాగ్యము 2019లో గాని కలుగలేదు.

టీకా వచ్చినది గదా, ఇక లెక్కయేల యని కొందరందురు. 6,799 మంది శిశువులతో జరిపిన పరీక్షలో తొలియేట తీవ్రవ్యాధి సగమునకు కొంచెము మించి తగ్గినదేగాని సమసిపోలేదు. నోరోవైరసువంటివి ఈ టీకాకు లొంగవు. ఆసుపత్రి నిఘాకు ఆసుపత్రి చేరిన బిడ్డయే కనబడును. వలసకూలి గుడిసెలో సొమ్మసిల్లిన బిడ్డ కనబడడు. దాఖలుకాని వ్యాజ్యమునకు తీర్పుండదు. నమోదుకాని వ్యాధికి నిధులుండవు.

కావున ఆశా కార్యకర్తలు, ప్రాథమిక ఆరోగ్యకేంద్రములు తమకు తెలిసిన ప్రతి శిశువు అతిసారమును వయస్సుతో సహా వ్రాయవలెను. చుక్కలు పడినవా, ఓ.ఆర్.ఎస్., జింకు అందినవా యనునదియు చేర్చవలెను. ప్రభుత్వమువారు ఆ మొత్తములను, పేర్లు విడిచి, నెలనెలా ఊరివారి యెదుట నుంచవలెను. తల్లిదండ్రులు ఆరు, పది, పదునాలుగు వారములకు చుక్కలు తప్పక వేయింపవలెను. విరేచనములు పట్టినపుడు తల్లిపాలు మాన్పక, ఓ.ఆర్.ఎస్. త్రాగించుచు, వెంటనే కేంద్రమునకు తెలుపవలెను.

సీసాలను లెక్కించి దేశదేశములకు పంపుచున్న గడ్డమీద, జబ్బుపడిన బిడ్డల లెక్క లేకుండుట మనకు తలవంపు.