స్వభావం వేరు, రుగ్మత వేరు

"వాడి స్వభావమే అంత" అని పెద్దలు సరిపెట్టుకునేవారు. ఇప్పుడు అదే చోట "సైకో" అన్న మాట వినబడుతోంది. తెలిసీ తెలియక వేసే ఈ ముద్ర ఒకరి వివాహాన్నీ, బంధుత్వాన్నీ చెరచగలదు. గుమ్మలక్ష్మీపురం వంటి మండల కేంద్రంలో, అందరికీ అందరూ తెలిసిన చోట, ఒకసారి పడిన పేరు తొలగిపోవడం మరీ కష్టం.

వైద్యశాస్త్రం కూడా వ్యక్తిత్వ రుగ్మతలను పూర్వం వేర్వేరు రకాలుగా విభజించి, రోగిని ఏదో ఒక రకంలో చేర్చేది. అయితే ఒకే వ్యక్తిలో రెండు మూడు రకాల లక్షణాలు కనబడేవి. కొందరు ఏ రకంలోనూ ఇమిడేవారు కారు. అందుచేత ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పులో పద్ధతి మార్చింది. 2022 జనవరి 1న అది అమలులోకి వచ్చింది.

ఈ పద్ధతిలో వైద్యుడు ముందుగా చూసేది, ఆ వ్యక్తి తీరు అతని జీవితాన్నీ, సంబంధాలనూ ఎంతగా కుంటుపరుస్తోందన్నది. దానిని బట్టి రుగ్మత స్వల్పమో, మధ్యస్థమో, తీవ్రమో నిర్ణయిస్తారు. పిమ్మట ప్రబలమైన గుణాలను గుర్తిస్తారు. అవి ఐదు: దిగులు, భయం, కోపం తరచుగా ముంచెత్తడం, మనుషులకు ఎడంగా మెలగడం, ఇతరుల బాధను, హక్కులను లక్ష్యపెట్టకపోవడం, ముందువెనుకలు చూడని తొందరపాటు, అంతా లోపరహితంగా ఉండాలన్న మితిమీరిన పట్టుదల.

ఇవి కొద్దో గొప్పో మనందరిలోనూ ఉంటాయి. అంతమాత్రాన అది రుగ్మత కాదు. ఆ తీరు సుమారు రెండేళ్లు, అంతకు మించి కొనసాగి, జీవితాన్ని దెబ్బతీసినప్పుడే రుగ్మత అంటారు. సంస్కృతి నుంచి వచ్చిన నడవడిని రుగ్మతగా లెక్కించరాదని కూడా నియమం ఉంది. కాబట్టి కొత్తవారి ముందు మితంగా మాట్లాడే గిరిజన యువకుడూ, పర్దా పాటించే ముస్లిం స్త్రీ ఆ కారణంగా రోగులు కారు.

ఎగతాళి పేర్లతో పిలవడాన్ని హుజురాత్ సూరా (49:11) వారించింది. ఇంట్లో ఎవరి తీరైనా కలవరపెడితే పేరు పెట్టకండి. ఏం జరిగిందో, ఎప్పటి నుంచో, ఎవరికి ఎంత బాధ కలిగిందో వ్రాసిపెట్టి వైద్యునికి చెప్పండి. కొట్టడం, బెదిరించడం ఉంటే రోగమని సహించక ముందు మీ భద్రత చూసుకోండి. కేంద్ర ప్రభుత్వపు టెలి మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. రుగ్మత ఉందో లేదో తేల్చవలసింది వైద్యుడే గాని, ఇరుగుపొరుగు కాదు.