చర్చల బల్ల మీద భూమి ఎక్కడ?

2025 అక్టోబరులో మల్లోజుల వేణుగోపాల్ గడ్చిరోలిలో ఆయుధాలు అప్పగించాక, ఇక ఆ కథ ముగిసిందనే మాట మన నిజామాబాద్ మార్కెట్ యార్డులోనూ వినిపిస్తోంది. నిజంగా ముగిస్తే అంతకన్నా కావలసిందేముంది? కానీ ఇరవై ఏళ్ల కిందట కూడా ఇలాగే అనుకున్నాం.

2004 అక్టోబరులో హైదరాబాద్‌లో ప్రభుత్వం, నక్సలైట్లు ఎదురెదురుగా కూర్చున్నారు. ఒకవైపు హోంమంత్రి జానారెడ్డి, మరోవైపు రామకృష్ణ తదితరులు, మధ్యవర్తిగా ఎస్.ఆర్. శంకరన్. ఎజెండాలో భూపంపిణీ ఉంది. అయినా పేచీ ముదిరింది దళాలు ఊళ్లలోకి తుపాకులతో రావచ్చా, రాకూడదా అన్నదాని మీద. రెండో విడత చర్చలు జరగనేలేదు. ఎన్‌కౌంటర్లు మళ్లీ మొదలయ్యాయి, 2005 జనవరిలో మావోయిస్టులు తప్పుకున్నారు. చర్చల్లో కూర్చున్న జనశక్తి ప్రతినిధి రియాజ్ ఆ ఏడాదే ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. ఆగస్టు 15న మావోయిస్టులు ఎమ్మెల్యే నర్సిరెడ్డిని చంపారు. ఆ హత్యను ఏ పేదవాడి పేరు చెప్పీ సమర్థించలేం. రెండు రోజులకే నిషేధం తిరిగొచ్చింది.

మరి భూమి? అది కోనేరు రంగారావు కమిటీకి పోయింది. 2006లో కమిటీ 104 సిఫార్సులు చేసింది. మంచి కాగితమే. 2007 జూలై 28న ఖమ్మం జిల్లా ముదిగొండలో భూమి, ఇళ్ల స్థలాలు అడిగిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపితే ఏడుగురు చనిపోయారు. వాళ్ల చేతుల్లో తుపాకుల్లేవు. అడవిలో ఉన్నవాడికి ఇంతకన్నా చెడ్డ కబురు ఏం పంపగలం?

కొలంబియాలో 2016 ఒప్పందం మొదటి అధ్యాయమే గ్రామీణ భూసంస్కరణ. తుపాకులు త్వరగానే అప్పగించారు, భూమి మాత్రం నత్తనడక నడిచింది. ఆయుధాలు వదిలినవాళ్లు వందల్లో హతమయ్యారు. 2019లో ఆ ఒప్పందం కుదిర్చిన నాయకుల్లో ఒకరైన ఇవాన్ మార్కెసే మళ్లీ ఆయుధం పట్టానని ప్రకటించాడు.

మాట తప్పితే ఎట్లుంటదో బోధన్ చెరకు రైతుకు వేరే చెప్పాలా? నిజాం షుగర్స్‌లో 2002లో ప్రైవేటుకు మెజారిటీ వాటా ఇచ్చారు, 2015 డిసెంబరులో మూసేశారు. తెరిపిస్తామన్న మాట ఎన్నికలకోసారి వింటూనే ఉన్నాం. అయినా మనవాళ్లు పట్టింది తుపాకీ కాదు, నామినేషన్ పత్రం. 2019లో 178 మంది పసుపు, ఎర్రజొన్న రైతులు నిజామాబాద్ లోక్‌సభకు పోటీ చేశారు. ఆ దారి మీద నమ్మకం నిలబెట్టే బాధ్యత మన ఒక్కరిదే కాదు, ప్రభుత్వానిది కూడా.

లొంగిపోయినవాళ్లకు పునరావాసం చెక్కు ఇస్తే ఇవ్వండి. దానితోపాటు ఆ 104 సిఫార్సుల్లో ఏ మండలంలో ఎన్ని అమలయ్యాయో, ఎన్ని ఎకరాలు ఎవరికి ఇచ్చారో రాసి ప్రతి తహసీల్దార్ ఆఫీసు గోడకు అంటించండి.