బౌలింగ్ వచ్చు సరే.. ఇరవై ఐదో రోజు వేయగలవా?

మా హత్నూరలో ఆదివారం క్రికెట్ నిద్ర కళ్లతోనే మొదలవుతుంది. సగం మంది బొంతపల్లి, గడ్డపోతారం కంపెనీల్లో నైట్ షిఫ్ట్ ముగించుకుని నేరుగా గ్రౌండ్‌కే వస్తారు. బైక్ స్టాండ్ వేసి, షూస్ తొడుక్కుని, మొదటి బంతే ఫుల్ స్పీడ్‌లో వేస్తారు. వార్మప్ చేద్దామంటే ‘మనమేమన్న ఇండియాకు ఆడుతున్నమా అన్నా?’ అని నవ్వుతారు. ఇంజినీరింగ్ రోజుల్లో నేనూ అలా నవ్వినవాణ్నే. వారమంతా ల్యాబ్‌లో కూర్చుని, రెండు రోజుల్లో నాలుగు మ్యాచులు ఆడి నడుం పట్టేయించుకున్నా. ఆ వారమే క్యాంపస్ ఇంటర్వ్యూ. కుర్చీలో నిటారుగా కూర్చోలేకపోయా. టెక్ సంగతులు రాసుకునే నేను ఈ విషయం ఎత్తుకోవడానికి కారణం అదే.

మన అంబటి రాయుడి సంగతే చూడండి. 2018 ఐపీఎల్‌లో చెన్నై తరఫున 602 పరుగులు చేశాడు. ఇంగ్లండ్ వన్డేలకు ఎంపికయ్యాడు కూడా. అప్పుడు యో-యో టెస్టు వచ్చింది. 20 మీటర్ల ఎడంతో రెండు గీతలు. బీప్ మోగేలోపు వెళ్లి రావాలి, పది సెకన్లు ఆగాలి, మళ్లీ పరుగెత్తాలి. పోనుపోను వేగం పెరుగుతుంది. అప్పటి కనీస మార్కు 16.1. రాయుడు అందుకోలేకపోయాడు, సురేశ్ రైనా విమానం ఎక్కాడు. ఒక్క పరుగు పరీక్షకు అంత విలువా అని అప్పట్లో గట్టి వాదనే నడిచింది. అందులో న్యాయం లేదనను. కానీ ఆఫర్ లెటర్ వచ్చాక మెడికల్ దగ్గర ఆగిపోయిన ఉద్యోగం లాంటిదే ఇది. రూల్ మంచిదా కాదా అన్నది తర్వాతి మాట, దాటాల్సిన గేటైతే అక్కడుంది. తర్వాత టెస్టు పాసై, ఆ సెప్టెంబరులోనే రాయుడు ఆసియా కప్ ఆడాడు.

ఇక సిరాజ్. హైదరాబాద్ ఆటో డ్రైవర్ కొడుకు. 2025లో ఇంగ్లండ్‌లో ఐదు టెస్టులూ ఆడి 1,113 బంతులు వేశాడు, 23 వికెట్లు తీశాడు. ఆగస్టు 4న, ఐదో టెస్టు ఐదో రోజున, యార్కర్‌తో అట్కిన్సన్ వికెట్ పడగొడితే ఇండియా 6 పరుగులతో గెలిచింది. యార్కర్ నైపుణ్యమే, ఒప్పుకుంటా. అన్ని ఓవర్ల తర్వాత కూడా దాన్ని వేయగలిగిన కాళ్లు మాత్రం ఆ ఉదయం తయారైనవి కావు.

పేస్ బౌలర్ ముందు కాలు నేలను తాకినప్పుడు శరీర బరువుకు ఎన్నో రెట్ల భారం మోకాలు, తుంటి, నడుం మీద పడుతుంది. కండరాలు గట్టిగా ఉంటే చాలావరకు అవే మోస్తాయి. లేకపోతే ఆ భారం ఎముక మీదికి పోతుంది. కుర్ర ఫాస్ట్ బౌలర్లకు వెన్ను కింది భాగంలో సన్నటి పగుళ్లు రావడం అందుకే మామూలైపోయింది. స్ట్రెంత్ అండ్ కండిషనింగ్ అంటే అద్దం ముందు కండల ఫొటో కాదు, భారాన్ని మెల్లమెల్లగా పెంచుతూ ఒంటికి అలవాటు చేయడం. స్క్వాట్లు, లంజ్‌లు, ప్లాంక్, చిన్న చిన్న స్ప్రింట్లు. వారానికి మూడు రోజులు, అరగంట చొప్పున. మెషీన్లేవీ అక్కర్లేదు, బరువుకు ఇసుక సంచి చాలు. నైట్ షిఫ్ట్ చేసొచ్చినవాడికైతే ఆ రోజు నిద్రే ట్రైనింగ్.

క్రికెట్ ఆడనివాళ్లకూ ఇదే లెక్క. 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో అబ్బాయిలకు 1600 మీటర్ల పరుగు 7 నిమిషాల 15 సెకన్లలో, 7.26 కిలోల షాట్‌పుట్ 6 మీటర్లు పెట్టారు. ఈవెంట్స్ తేదీ వచ్చాక రోడ్డెక్కి, పది రోజుల్లో పిక్కలు పట్టేసి కూర్చున్నవాళ్లు మా వీధిలోనే ఉన్నారు.

మా టీమ్‌లో ఇప్పుడు ఒక రూల్ పెట్టాం. ఇరవై నిమిషాల ముందు రానివాడికి కొత్త బంతి ఇవ్వం. మొదటి ఆదివారం ముగ్గురే వచ్చారు. పోయిన వారం ఏడుగురు.