పీసీ తడబడితే వోల్టేజీ పెంచడమే మందా?

1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఏ చిప్ కొన్న కుర్రాళ్లు బస్ వేగాన్ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కి మార్చి, 300 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్‌ను 450 దగ్గర పరిగెత్తించారు. ఇలా చిప్‌ను నిర్ణీత వేగం దాటించడమే ఓవర్‌క్లాకింగ్. అది తెలిసి చేసిన సాహసం.

ఇప్పుడు ర్యామ్‌ను వేగంగా నడిపే ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్ ఆన్ చేసినా ఓవర్‌క్లాకింగే. సొంతంగా పీసీ బిగించుకున్న చాలామందికి ఆ సంగతే పట్టదు. నీలి తెర పడగానే ముందు విండోస్‌ను తిడతారు, తర్వాత గ్రాఫిక్స్ కార్డును.

ఇంటెల్ 13, 14 తరం ప్రాసెసర్ల ఉదంతమే చూడండి. కొన్ని గేములు ‘వీడియో మెమరీ చాలలేదు’ అంటూ ఆగిపోయేవి. తప్పు మాత్రం ప్రాసెసర్‌ది! మితిమీరిన వోల్టేజీ దాన్ని లోపల్లోపల తినేస్తోందని 2024లో ఇంటెల్ ఒప్పుకుంది. మైక్రోకోడ్ సవరణ ఇచ్చింది, వారంటీని రెండేళ్లు పొడిగించింది. అప్పటికే దెబ్బతిన్న చిప్‌లను ఆ సవరణ బాగుచేయలేదు. ఇంటెల్ సూచించిన పవర్ పరిమితులు దాటించి మదర్‌బోర్డులు అమ్మిన కంపెనీలకూ ఇందులో వాటా ఉంది.

కాబట్టి ‘ఇంకాస్త వోల్టేజీ ఇవ్వు’ అనే ఉచిత సలహా ప్రమాదకరం. ముందు బయోస్ అప్‌డేట్ చేయాలి. పరిమితులను ప్రాసెసర్ కంపెనీ చెప్పిన అంకెలకు తేవాలి, ఎక్స్‌ఎంపీ ఆపాలి, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ను రాత్రంతా నడపాలి. అప్పటికీ తప్పులు కనిపిస్తే ర్యామ్ కడ్డీలను ఒక్కొక్కటిగా పరీక్షించాలి. కనిపించకపోతే సెట్టింగులను ఒక్కొక్కటే తిరిగి పెంచుతూ, ప్రతిసారీ ప్రాసెసర్‌పై భారం మోపి పరీక్షించే ప్రైమ్95 నడిపి చూడాలి.