దిగడానికి మెట్లు లేని మేడ

పాయింట్ల పట్టికను అందరూ పైనుంచి చదువుతారు. ఇంగ్లండ్‌లో మాత్రం మార్చి దాటిందంటే చాలామంది కిందినుంచి చదవడం మొదలుపెడతారు. ప్రీమియర్ లీగ్‌లో 20 జట్లు, ఒక్కో జట్టుకు 38 మ్యాచ్‌లు. చివరి 3 స్థానాల్లో మిగిలినవాళ్లు మూటాముల్లె సర్దుకుని కింది డివిజన్‌కు పోవాల్సిందే. అక్కడ దరఖాస్తు పనిచేయదు, సిఫార్సు పనిచేయదు. 2023లో కొత్తగా పైకొచ్చిన బర్న్‌లీ, షెఫీల్డ్ యునైటెడ్, లూటన్ టౌన్ మూడూ 2024లో కట్టగట్టుకుని దిగిపోయాయి. మరుసటి ఏడాది లెస్టర్, ఇప్స్‌విచ్, సౌతాంప్టన్‌లకూ అదే గతి పట్టింది. కొత్తగా వచ్చినవాడికి ఆ మేడమీద ఊపిరాడటం ఎంత కష్టమో ఈ రెండేళ్లు చూస్తే చాలు.

వీటిలో లూటన్‌ది విడిగా చెప్పుకోవాల్సిన కథ. 2008-09లో ఆర్థిక అవకతవకలకు శిక్షగా 30 పాయింట్ల కోతతో సీజన్ మొదలుపెట్టి, లీగ్ నుంచే బయటపడి ఐదో మెట్టుకు జారిన జట్టది. అక్కడే 5 ఏళ్లు మగ్గింది. 2014లో తిరిగి లీగ్‌లోకి వచ్చి, 2023లో వెంబ్లీ మైదానంలో కోవెంట్రీని పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి, 31 ఏళ్ల తర్వాత పై డివిజన్‌లో కాలుపెట్టింది. దాని సొంత మైదానం కెనిల్‌వర్త్ రోడ్‌లో పట్టేది సుమారు 12 వేల మందే. ఎదుటి జట్టు అభిమానులు వరుస ఇళ్ల మధ్య దారిలోంచి, పెరళ్ల మీదుగా కట్టిన మెట్లెక్కి లోపలికి రావాలి. అలాంటి జట్టు కోటీశ్వరుల మధ్య ఒక ఏడాదంతా ఆడి, 26 పాయింట్లతో 18వ స్థానంలో ఆగి, దిగిపోయింది. 2025లో ఇంకో మెట్టు కూడా దిగింది. ఎక్కినప్పుడూ దిగినప్పుడూ దానికి వర్తించింది ఒకే నిబంధన.

ఖమ్మంలో కూర్చుని లూటన్ ముచ్చట దేనికంటారా? మన రాష్ట్ర రాజధానిలో ఫుట్‌బాల్ జట్టుకు జరిగింది దీనికి సరిగ్గా తలకిందులు కాబట్టి.

హైదరాబాద్ ఎఫ్‌సీ కింది నుంచి ఆడుకుంటూ వచ్చిన జట్టు కాదు. 2019లో పుణె జట్టు మూతపడితే ఖాళీ అయిన చోటులోకి వచ్చింది. వచ్చిన దారి ఏదైనా బాగా ఆడింది. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. ఆ తర్వాత డబ్బు కరిగిపోయింది. చెల్లింపుల బకాయిలపై ఫిఫా కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధం పెట్టింది. 2023-24లో 22 మ్యాచ్‌లాడి ఒక్కటంటే ఒక్కటే గెలిచి, 8 పాయింట్లతో అట్టడుగున మిగిలింది. మరుసటి ఏడాది 13 జట్లలో 12వది. ఇంతగా ఓడినా కిందికి దిగలేదు, ఎందుకంటే దిగే దారే లేదు. చివరికి 2025లో యాజమాన్యం నిర్ణయంతో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. మైదానంలో ఎన్నిసార్లు ఓడినా పోని జట్టు కాగితం మీద పోయింది.

ఇలాంటి కాగితం మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. 2014లో పోలవరం ముంపు పేరిట ఈ జిల్లాలోని 7 మండలాలు ఒక్క ఆర్డినెన్స్‌తో రాష్ట్రం మారిపోయాయి. ఎటపాక, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు, పురుషోత్తపట్నం, గుండాల పంచాయతీల వాళ్లు గడప ముందున్న భద్రాచలాన్ని ఇవాళ్టికీ పక్క రాష్ట్రం ఊరుగా చూస్తున్నారు. ఊళ్లకు జరిగిన దానితో ఆటను పోల్చడం న్యాయం కాదని తెలుసు. కానీ ఎవరినీ అడగకుండా చోటు మార్చేయడం ఎలా ఉంటుందో ఇక్కడి పాఠకుడికి వేరే వివరించనక్కర్లేదు.

ఇప్పుడు 2024 వసంతంలో నిలబడి ఒకసారి రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టి చూడండి. పై లీగ్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఆఖరున ఉంది. రెండో మెట్టయిన ఐ-లీగ్‌లో అదే ఊరి శ్రీనిధి దక్కన్ రెండో స్థానంలో ఉంది. అంతకు ముందు ఏడాది కూడా దానిది రెండో స్థానమే. ఇంగ్లండ్‌లో రెండో డివిజన్ నుంచి మొదటి రెండు జట్లూ నేరుగా పైకి వెళతాయి. ఆ లెక్కన ఆ వేసవిలో ఈ రెండు జట్లూ చోట్లు మార్చుకునేవి, హైదరాబాద్‌కు పై లీగ్‌లో జట్టు మిగిలేది. మన దగ్గర పైకి వెళ్లింది ఒక్క విజేతే. కింది నుంచి ఒకరు వచ్చారు, పై నుంచి ఎవరూ పోలేదు. ఇదేం నిచ్చెన?

పైకి వచ్చినవాళ్ల పరిస్థితీ చూద్దాం. 2023లో పంజాబ్ ఎఫ్‌సీ వచ్చి 12 జట్లలో 8వ స్థానం దక్కించుకుంది. కొత్త జట్టుకు అది గౌరవమైన లెక్కే. 2024లో వచ్చిన మహమ్మదన్ స్పోర్టింగ్ 1891లో పుట్టిన కలకత్తా క్లబ్బు. 24 మ్యాచ్‌ల్లో 2 గెలిచి, 13 పాయింట్లతో అడుగున మిగిలింది. అయినా అక్కడే ఉండిపోయింది. ఆ సంగతి ముందే తెలిసినప్పుడు ఫిబ్రవరిలో ఆ జట్టు ఆడే మ్యాచ్‌కు ప్రాణం ఎక్కడ నుంచి వస్తుంది? టికెట్ కొన్నవాడు చూసేది దేన్ని? ఇంగ్లండ్‌లో 17వ జట్టుకూ 18వ జట్టుకూ మధ్య జరిగే ఆట టైటిల్ మ్యాచ్ కంటే వేడిగా సాగుతుంది. మన పై లీగ్‌లో అదే ఆట సీజన్ ముగింపు లాంఛనంగా మిగిలింది.

విడ్డూరమేమంటే, మన దేశంలో దిగిపోయే నిబంధన లేకపోలేదు. డబ్బున్న పై అంతస్తులో మాత్రమే ఆ సీజన్లలో అది లేదు. ఐ-లీగ్ నుంచి 2024లో మణిపూర్ జట్లు నెరోకా, ట్రావు రెండూ దిగాయి. అప్పటికి ఏడాదిగా అల్లర్లతో తగలబడుతున్న రాష్ట్రం జట్లవి, సొంత గడ్డకు దూరంగా ఆడినవి. వాటి మీద కూడా జాలి చూపలేదు. మహిళల లీగ్‌లో 2023-24 విజేత ఒడిశా ఎఫ్‌సీ మరుసటి ఏడాదే కిందికి జారింది. ఆ ఏడాది ఈస్ట్ బెంగాల్ టైటిల్ గెలిచినప్పుడు ఆ జట్టులో ఆడిన సౌమ్య గుగులోత్ నిజామాబాద్ జిల్లా తండా అమ్మాయి. జాతీయ సమాఖ్య ఆమెను ఆ ఏటి ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపిక చేసింది. తండా పిల్లకు వర్తించే నిబంధన ఫ్రాంచైజీ యజమానికి ఎందుకు వర్తించకూడదు?

యజమానుల వాదన తెలిసిందే. కోట్లు పోసి జట్టు కొన్నాం, ఒక్క చెడ్డ సీజన్‌కు కిందికి తోస్తే డబ్బు పెట్టేదెవరు అంటారు. అందులో కొంత నిజముంది. పై డివిజన్ నుంచి పడితే టీవీ రాబడి ఒక్కసారిగా కూలిపోతుంది. అందుకే ఇంగ్లండ్‌లో దిగిన జట్టుకు మూడేళ్ల దాకా, ఒకే సీజన్ ఉండి దిగితే రెండేళ్లు, లీగే సొమ్ము సర్దుతుంది. పడేవాడి కింద గడ్డి పరిచారు తప్ప పడటాన్ని రద్దు చేయలేదు. మనవాళ్లు అడుగుతున్నది రద్దు. పైగా మూసిన తలుపు పెట్టుబడిని కాపాడుతుందన్న మాటకు హైదరాబాద్ ఎఫ్‌సీయే జవాబు. తలుపు మూసే ఉంది, జట్టు లోపలే ఎండిపోయింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు తప్పంతా నిబంధన మీదికి తోయడం ఇక చెల్లదు.

చట్టం కూడా ఇప్పుడు వాళ్లవైపు లేదు. విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు రూపొందించిన జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య రాజ్యాంగాన్ని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 19న ఆమోదించింది. తీర్పిచ్చిన ధర్మాసనంలో జస్టిస్ పి.ఎస్. నరసింహ ఉన్నారు. రాసినవారూ తెలుగువారే, ఒప్పినవారిలోనూ తెలుగువారున్నారు. అగ్రశ్రేణి లీగ్ సమాఖ్య చేతుల్లో ఉండాలనీ, ఎక్కడం దిగడం రెండూ అందులో ఉండాలనీ దాని సారాంశం. అమలును సీజన్ తర్వాత సీజన్‌కు వాయిదా వేసే ఎత్తు ఎవరు వేసినా సమాఖ్య లొంగకూడదు. ఎన్ని జట్లు దిగుతాయో తొలి మ్యాచ్‌కు ముందే అచ్చువేసి చెప్పాలి.

ఢిల్లీని నిలదీసి ఊరుకుంటే సగం పనే. మన ఇంట్లో నిచ్చెనకు మొదటి మెట్టే లేదు. ఒకప్పుడు ఈ రాష్ట్రం దేశానికి ఫుట్‌బాల్ నేర్పింది. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది. ఆయన పేరిట రాజధానిలో డివిజన్ల లీగ్ ఉంది. ఆ లీగ్‌కూ భద్రాచలానికీ మధ్య 300 కిలోమీటర్ల పైచిలుకు రోడ్డుంది కానీ, ఆటగాడికి దారి లేదు. నవమికి రాజధాని నుంచి ముత్యాల తలంబ్రాలు ఏటా తప్పకుండా వస్తాయి. ఆటల కబురు మాత్రం అంత దూరం రాదు.

ఏజెన్సీలో ఆట అంటే టోర్నమెంట్. చర్ల, దుమ్ముగూడెం గూడేల్లో పోలీసులు వాలీబాల్ కిట్లు పంచుతారు, పోటీలు పెడతారు. సింగరేణి ఏటా ఏరియాల మధ్య పోటీలు జరుపుతుంది. పాల్వంచ దగ్గర కిన్నెరసానిలో గిరిజన పిల్లలకు క్రీడా పాఠశాలే ఉంది. ఇవన్నీ మంచివే, కాదనం. కానీ టోర్నమెంట్ మూడు రోజుల పెళ్లి. పందిరి, మైకు, కప్పు, ఫొటో. మొదటిరోజే ఓడిన గూడెం జట్టు మళ్లీ వచ్చే ఏడాదే కలిసి ఆడుతుంది, అదీ కిట్టు మిగిలుంటే. లీగ్ అలా కాదు. ఈ ఆదివారం ఓడిన జట్టు వచ్చే ఆదివారం మళ్లీ బూట్లు కట్టాలి. దిగిపోతామన్న భయమే ఆ జట్టును వారమంతా సాయంత్రాలు మైదానానికి రప్పిస్తుంది.

కాబట్టి మా డిమాండ్ స్పష్టం. ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలకు కలిపి రెండు డివిజన్ల ఫుట్‌బాల్ లీగ్ పెట్టాలి. పై డివిజన్‌లో చివరి రెండు జట్లు దిగాలి, కింది డివిజన్‌లో మొదటి రెండు ఎక్కాలి. విజేతకు రాష్ట్ర లీగ్‌లో చోటు హక్కుగా దక్కాలి, ఆహ్వానంగా కాదు. ఇందుకు కొత్త స్టేడియం అక్కర్లేదు. ఖమ్మంలో సర్దార్ పటేల్ స్టేడియం, కొత్తగూడెంలో ప్రకాశం స్టేడియం, ఇల్లెందు, మణుగూరులలో సింగరేణి మైదానాలు చాలు. సింగరేణి, ఐటీడీఏ, సారపాకలోని పేపర్ మిల్లు తలా ఒక జట్టు నిలబెట్టవచ్చు. ఓడితే అవి కూడా దిగాలి. సంస్థ పెద్దదని మినహాయింపు అడిగిన రోజే ఆ లీగ్‌ను మూసేయవచ్చు.

ఖర్చంటారా, అసలు ఖర్చు ప్రయాణానిదే. చర్ల జట్టు పొద్దున బస్సెక్కి కొత్తగూడెం చేరుకోగలదు. మధ్యాహ్నం ఆట, ఒక పూట భోజనం, చీకటి పడకముందే పిల్లల్ని తిరిగి గూడెం చేర్చే బండి. నిర్వాహకులు ముందుగా లెక్క రాయాల్సింది ఆ బండి కిరాయి. కప్పు తర్వాత కొనుక్కోవచ్చు.