మోటారు ఎప్పుడు ఆపాలి?

డ్రిప్పు పెట్టిన కూరగాయల తోటలో కూడా నీళ్లు వృథా అవుతాయా? అవుతాయి. కాలవ కట్టి పారించే తోటలో అయితే ఆ వృథా కళ్లకు కనిపిస్తుంది. గట్టు తెగుతుంది, పక్క చేనాయన కేకేస్తాడు. డ్రిప్పులో ఆ గొడవే ఉండదు. నేల మీద గుండ్రంగా ఓ తడి మచ్చ... అంతే. దాని కింద ఏం జరుగుతోందో ఎవరూ చూడరు.

మదనపల్లె వైపు టమాటా తోటలనే తీసుకోండి. వెయ్యి అడుగులు వేసినా బోరులో నీళ్లు పడతాయన్న నమ్మకం లేని నేల అది. ఉమ్మడి రాష్ట్రంలో 2003లో సూక్ష్మసేద్యం పథకం మొదలయ్యాక సబ్సిడీ పైపులు ఊరూరా వెళ్లాయి. మంచిదే. పైపులు మారాయిగానీ మోటారు అలవాటు చాలాచోట్ల మారలేదు. కరెంటు రాగానే ఆటోస్టార్టరు దానంతటదే మోటారు వేస్తుంది. కరెంటు పోతే ఆగుతుంది. 'ఉన్నంతసేపూ పారనీలేప్పా, మళ్లీ ఎప్పుడొస్తుందో' అంటారు. మొక్కకు ఎంత దాహం అన్నది అసలు లెక్కలోకే రాదు!

ఆ లెక్క ఏమంత కష్టం కాదు. సాలుకూ సాలుకూ నాలుగడుగులు, పైపు మీద 40 సెంటీమీటర్లకో డ్రిప్పరు ఉంటే ఎకరానికి ఎనిమిది వేలకు పైగా డ్రిప్పర్లు. ఒక్కోటీ గంటకు 2 లీటర్లిస్తే మొత్తం సుమారు 17,000 లీటర్లు. అంటే మన మేడ మీద ఉండే వెయ్యి లీటర్ల ట్యాంకులు పదిహేడు! చలికాలంలో కాయ మీదున్న టమాటాకు రోజుకు ఈ గంట నీళ్లు దాదాపు సరిపోతాయి. లేత మొక్కకు పావుగంట, ఇరవై నిమిషాలు చాలు. మండువేసవిలో గంటన్నర. నేలను బట్టి కాస్త అటూ ఇటూ. బోరు అంత పోయలేకపోతే చేనును రెండు మూడు భాగాలు చేసి వాల్వు మార్చుకోవాలి. మరి మూడు గంటలు వదిలేస్తే? రెండు గంటల నీళ్లు వేరు దాటి కిందికి పోతాయి. వట్టిగా పోవు, వేసిన యూరియాను కూడా వెంటబెట్టుకుపోతాయి.

నాలుగు రోజులు ఎండగట్టి అయిదో రోజు ముంచెత్తడం ఇంకా చేటు. కాయలు పగులుతాయి. కాయ అడుగున నల్లమచ్చ వస్తుంది. అది తెగులనుకుని మందు కొట్టేవాళ్లున్నారు! తడి సమంగా లేక కాయకు కాల్షియం అందకపోవడమే చాలాసార్లు దానికి కారణం. మందు డబ్బు దండగ.

ఎంత తడిసిందో తెలియాలంటే యంత్రాలే అక్కర్లేదు. నీళ్లు ఆపిన మర్నాడు డ్రిప్పరు పక్కన మూరెడు లోతు తవ్వి చూడాలి. టమాటా వేళ్లు ఎక్కువగా ఆ మూరలోనే ఉంటాయి. గుప్పిట్లో మన్ను ఉండకట్టి, నీరు కారకుండా ఉంటే పదును సరిపోయినట్టు. మూర దాటి ఇంకా కింద కూడా చిత్తడిగా ఉంటే, రేపు మోటారు ముందే ఆపొచ్చు. ఎర్రచెలకలో నీరు పక్కలకు పాకదు, తిన్నగా దిగిపోతుంది. అక్కడ గంట నీళ్లను పొద్దున అరగంట, సాయంత్రం అరగంటగా ఇస్తే మేలు.

ఇలా మిగిలిన నీళ్లతో రైతు ఇంకో అరెకరం వేస్తాడు. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. కానీ అప్పుడు బోరుకు మిగిలేది ఏమీ ఉండదు. ఈ సంగతి పథకాల లెక్కల్లో కనిపించదు.

ఇంకొక్కటి. పైపు మొదట్లో ఓ డ్రిప్పరు కింద, చివర్లో ఇంకో డ్రిప్పరు కింద గిన్నెలు పెట్టి అరగంట చూడండి. 2 లీటర్ల డ్రిప్పరైతే రెండింట్లోనూ లీటరు చొప్పున పడాలి. చివరి గిన్నెలో బాగా తగ్గిందంటే ఫిల్టరు కడిగి, పైపుల చివరి మూతలు విప్పి మురికి పోయేదాకా నీళ్లు వదలాలి. లేదంటే చివరి సాళ్లు వాడుతున్నాయని మొత్తం తోటకు ఇంకో గంట మోటారు వేస్తారు.